పసిగట్టే పెట్టెను పసిగట్టే పెట్టె

సత్యవేణికి ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. మోగితే ఎవరికేమైందోనని, మోగకపోతే, అయిన సంగతి చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమోనని. చదువు ఏడో తరగతితో ఆగినా, రోడ్డు ప్రమాదాల విషయంలో మాత్రం ఆవిడ పండితురాలే. పేపర్లో మొదటి పేజీ చూడదు, సినిమా పేజీ చూడదు. జిల్లా పేజీలో బోల్తాపడ్డ బండి ఫొటో వెతుక్కుని, ఆ నంబరు మన బండిది కాదని తేల్చుకున్నాకే కాఫీ ముట్టుకుంటుంది. ఆ కాఫీ కూడా పొలమారి ప్రాణం మీదికి తెస్తుందేమోనని గుక్కకో మారు ఆగి తాగుతుంది.

అలాంటి తల్లి కడుపున పుట్టిన గిరి రొయ్య పిల్లల బండి తోలుతాడు. సముద్రపొడ్డున హేచరీలో పుట్టిన పిల్లల్ని, నీళ్ళూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఎండెక్కకముందే లంకలమెట్ట చెరువులకు చేర్చాలి. ఆలస్యమైతే సంచిలో పిల్ల సంచిలోనే తేలిపోతుంది. అందుకే ఆ రోడ్డు మీద రొయ్య పిల్లల బళ్ళు నడవవు, ఎగురుతాయి.

"ఒరే నాన్నా, మెల్లిగా వెళ్ళరా."

"మెల్లిగా అంటే నాకు తెలుసు, నీకు తెలుసు. రొయ్యకి తెలవదే అమ్మా."

"దానికేం! దానికి అమ్మ లేదు!"

"లేకేం, ఉంది. ఒక్క కాన్పుకి లక్ష పిల్లల్ని పెడద్ది. నీలాగ ఒక్కోదాని ఎనకాలా పడి ఏడిస్తే అదెప్పుడో పోయేది."

ఇలాంటి కొడుకుని కన్నందుకు సత్యవేణి ఒకనాడు హైవే మీద మస్తాన్ మోటారు సామాన్ల కొట్టుకు వెళ్ళింది. బండి వెనకాల వేలాడదీయడానికి నల్లటి దిష్టిబొమ్మ ఒకటి కావాలంది, ఉన్నవాటిలోకెల్లా వికారంగా ఉన్నది.

"దిష్టిబొమ్మ ఎనకాల నుంచి వచ్చేదాన్ని ఆపుద్దండి పిన్నిగారూ. ముందర్నించి వచ్చేదానికి ఇదుంది," అని మస్తాన్ అగ్గిపెట్టెకి అన్నలాంటి నల్ల పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "రాడార్ డిటెక్టరండి. మన తుమ్మచెట్ల చాటున పోలీసోళ్ళు తుపాకీలాంటిది పట్టుకుని కూకుంటారు చూడండి..."

"తుపాకీయే!" సత్యవేణి గుండె పట్టుకుంది.

"గుండు ఉండదండి. తరంగం వదుల్తాది. కంటికి కనపడదు. అదొచ్చి మన బండికి కొట్టుకుని ఎనక్కెళ్తాది. బండి ఎదురెళ్ళే కొద్దీ ఆ తరంగం కిక్కిరిసిపోయి ఎనక్కెళ్తాది. ఎంత కిక్కిరిసిందో చూసి, బండి ఇంత జోరుమీద ఉందని లెక్క కట్టేస్తాది. అయితే కిటుకు ఏంటంటే, తరంగం మన దాకా వచ్చేటప్పుడు బలంగా ఉంటాది. కొట్టుకుని మళ్ళీ ఆళ్ళ దగ్గరికెళ్ళేసరికి నీరసపడిపోద్ది. అందుకని మనం ఆళ్ళకి తెలిసేలోపే ఆళ్ళు ఈ పెట్టెకి తెలిసిపోతారు. ఎంటనే కీచుమంటాది. మీ అబ్బాయి బ్రేకు తొక్కేస్తాడు."

"మళ్ళీ చెప్పు నాయనా."

"కీచుమంటాదండి."

"అది కాదు. ఆ తరవాత."

"మీ అబ్బాయి బ్రేకు తొక్కేస్తాడండి."

సత్యవేణి కొంగుముడి విప్పింది. పెట్టెను ఇంటికి తెచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొడుకు బండి అద్దం దగ్గర ఆంజనేయస్వామి పక్కన తనే అతికించింది. పోలీసులను తప్పించుకోవడానికి జనం కొనుక్కునే వస్తువును కొడుకు చేత బ్రేకు తొక్కించడానికి కొన్న మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే అయి ఉంటుంది.

పెట్టె ఆవిడ నమ్మకాన్ని వమ్ము చేయలేదు. అవసరం కంటే కాస్త ఎక్కువే పనిచేసింది. తుమ్మచెట్ల దగ్గర కీచుమనేది సరే, బ్యాంకు ముందు కూడా కీచుమనేది. మనిషి రాగానే వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులున్నాయే, అవి కూడా ఎవరొస్తున్నారో అలాంటి తరంగంతోనే చూస్తాయట. దాంతో గిరి బ్యాంకు ముందు బ్రేకు, నగల కొట్టు ముందు బ్రేకు, పెట్రోలు బంకు ముందు బ్రేకు తొక్కుతూ, పెళ్ళి ఊరేగింపులా వెళ్ళేవాడు.

"ఇరవయ్యేళ్ళుగా నేను మొత్తుకుంటే వినలేదు, ఈ ముష్టి పెట్టె కీచుమంటే విన్నాడు," అని ఆవిడ కాస్త నొచ్చుకుంది. ఆ వెంటనే, రోడ్డు పొడుగునా ప్రభుత్వంవారు బ్యాంకులు కట్టిస్తే ఎంత బాగుండునో అనుకుంది.

గిరిని చూసి తక్కిన బళ్ళవాళ్ళూ కొన్నారు. కొద్దిరోజుల్లోనే ఆ రోడ్డు మీద బళ్ళన్నీ బుద్ధిగా నడవసాగాయి. జిల్లా పేజీలో బోల్తాపడ్డ బండి ఫొటోకు బదులు గుమ్మడికాయల ప్రదర్శన ఫొటో పడింది. సత్యవేణి ఆ పూట కాఫీ వేడిగా తాగింది.

సరిగ్గా ఆ పూటే లంకలమెట్ట రహదారి వేగ నిరోధక విభాగంలో అత్యవసర సమావేశం జరిగింది.

"గత మాసములతో పోల్చి చూడగా అతివేగపు కేసులు గణనీయముగా క్షీణించినవి," అన్నారు విభాగాధిపతి నృసింహమూర్తిగారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో ఎవరికీ తెలియదు గాని, ఆఫీసులో మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు ఎలా ఉంటుందో అలాగే మాట్లాడతారు. "ఇది మిక్కిలి ఆందోళనకరమైన పరిణామము."

"ప్రమాదాలు కూడా తగ్గాయి సార్," అంది టెక్నికల్ అసిస్టెంట్ భార్గవి.

"ప్రమాదములు ఆసుపత్రివారి పరిధి. మన పరిధి అతివేగము. అతివేగమే లేనిచో ఈ విభాగమెందుకు? ఈ జీపులెందుకు? నేనెందుకు?"

మూడో ప్రశ్న వినపడనట్టు అందరూ ఫైళ్ళు తిరగేశారు. భార్గవి నెమ్మదిగా, బళ్ళవాళ్ళ దగ్గర పెట్టెలున్నాయనీ, అయితే ఆ పెట్టెలను పట్టుకునే యంత్రం కూడా ఉందనీ చెప్పింది.

"వినుచున్నదానిని ఎట్లు పట్టుకొందుము? అది మౌనముగా వినును గదా."

"మౌనంగా వినలేదు సార్. బయట వచ్చే స్వరం ఏదో పోల్చుకోవాలంటే లోపల తనదంటూ ఒక శ్రుతి మోగుతుండాలి. ఆ రెంటినీ కలిపి చూసుకుంటుంది. ఎంత మూతపెట్టినా ఆ లోపలి శ్రుతి కాస్త బయటికి కారుతుంది. దాన్ని మన యంత్రం వింటుంది."

"అనగా, చాటుగా వినువాడు లోలోపల కూనిరాగము తీయుచుండును."

"అంతే సార్."

"మనము ఆ రాగమును అరెస్టు చేయుదుము," అని నృసింహమూర్తిగారు లేచి నిలబడ్డారు. ఆయన లేచారు కాబట్టి అందరూ లేచారు.

ఆ యంత్రానికి మొట్టమొదట చిక్కినవాడు గిరి. తుమ్మచెట్ల దగ్గర పెట్టె కీచుమనగానే బ్రేకు తొక్కాడు. బండి నలభైకి దిగింది. నలభైలో వస్తున్న బండిని నలుగురు కానిస్టేబుళ్ళు నాలుగు వైపులా చుట్టుముట్టారు. పెట్టె పీకేశారు. లైసెన్సు పట్టుకుపోయారు. రొయ్య పిల్లలను ఇంకో బండిలోకి ఎక్కించుకుంటూ హేచరీ యజమాని రాజుగారు ఒక్కటే మాట అన్నారు: "లైసెన్సు తెచ్చుకో గిరీ, బండి తాళం ఇస్తాను. ఈ పంటకి పిల్లల్ని చెరువులకి తోలడం అయిపోయేలోగా తేలేకపోతే తాళం ఇంకోడికిస్తాను. ఏమనుకోకు."

సత్యవేణి ఆఫీసుకు పరుగెత్తింది. కొడుకు చేతిలో పని పోతుంది, పనిలేని కుర్రాడు దిగులుపడతాడు, దిగులుపడ్డవాడు కాలవగట్టున ఒంటరిగా తిరుగుతాడు, తిరిగేవాడికి కాలు జారుతుంది. ఆఫీసు మెట్లెక్కేలోగా ఆవిడ ఇక్కడిదాకా వచ్చేసింది.

"అయ్యా, పట్టుకున్నప్పుడు మావాడు ఎంత జోరులో ఉన్నాడండి?"

"నలువది," అన్నారు నృసింహమూర్తిగారు.

"ఆ రోడ్డు మీద ఎంత వెళ్ళచ్చండి?"

"అరువది."

"మరింకేం బాబూ?"

"అమ్మా, అది నిజాయితీగల నలువది కాదు. మేమున్నామని తెలిసి తగ్గించినాడు. తెలియకయే తగ్గించవలెను. తెలిసి తగ్గించిన వేగము చట్టము దృష్టిలో తగ్గని వేగమే."

"దేవుడు చూస్తున్నాడని తెలిసే కదండీ మనం తప్పుచేయకుండా ఉంటాం. దానికి దేవుడు కేసు పెట్టడు కదా!"

"దేవుడు ఈ విభాగమునకు చెందడు," అన్నారాయన, ఆ లోటుకు తాను బాధ్యుడు కానన్నట్టు. "విచారణ తేదీ తెలియజేయబడును."

ఆ తేదీ వచ్చేలోగా జరగకూడనివన్నీ జరిగాయి.

మస్తాన్ కొట్టులో కొత్త పెట్టె దిగింది. పోలీసుల యంత్రం కూడా వినేదే కదా, అదీ లోపల కూనిరాగం తీస్తుంది కదా. కొత్త పెట్టె ఆ రాగాన్ని పసిగట్టి, గప్‌చుప్‌గా తనను తాను ఆపేసుకుంటుంది. దానికి విరుగుడుగా విభాగంవారు ఇంకో యంత్రం తెప్పించారు. దానికి మస్తాన్ ఇంకో పెట్టె తెప్పించాడు. ఏది దేన్ని పసిగడుతోందో మస్తాన్‌కే మరుపు వచ్చి, "మీది ఎన్నో పెట్టండి?" అని అడిగి మరీ అమ్మేవాడు.

ఇన్ని యంత్రాలు మోయడానికి మనుషులు చాలక, వేగం కొలిచే తుపాకీలను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒకరోజు విభాగం జీపులోని యంత్రం అదే విభాగం రెండో జీపులోని యంత్రాన్ని పట్టుకుంది. నిబంధన నిబంధనే. జీపు మీద కేసు రాసి, జీపును సీజుచేసి, తాళ్ళు కట్టి మొదటి జీపుతో లాక్కొచ్చారు. దారిలో రెండో జీపులోని యంత్రం మొదటి జీపును పట్టుకుంది.

అప్పుడు నృసింహమూర్తిగారు సర్క్యులర్ జారీచేశారు. తమ ఉనికిని ముందుగా తెలియజేసే వస్తువుగాని, ప్రాణిగాని, మనిషిగాని, ఏదైననూ 'ముందస్తు పరిజ్ఞాన సాధనము' అని, అది సీజునకు అర్హమని. ఎదురొచ్చే లారీవాడు హెడ్‌లైటు రెండుసార్లు కొట్టి, అరచెయ్యి కిందికి ఊపుతాడే, "ముందర ఉన్నారు, చూసుకో" అని, ఆ అలవాటు ఆ రోడ్డు అంత పాతది. అది మొదట పోయింది. తరవాత బంపర్లకు కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ పోయాయి. అవి ఏ తరంగాన్నీ వినవని ప్రయోగశాల నుంచి ధ్రువీకరణ వచ్చేదాకా బస్తాల్లో కట్టి ఉంచారు. ఆ తరవాత తుమ్మచెట్ల ఎదుట టీకొట్టు పొయ్యి. కెటిలు ఆవిర్లు కక్కుతుంటే చాటున కానిస్టేబుళ్ళున్నట్టే లెక్కని బళ్ళవాళ్ళు కనిపెట్టేశారు. పొయ్యి ఆర్పించాక, టీ లేక ఆవలిస్తున్న కానిస్టేబుళ్ళ ఆవలింతలు వినపడి బళ్ళవాళ్ళు జాగ్రత్తపడసాగారు.

చివరికి అసలు ముక్క వచ్చింది. తుమ్మచెట్ల దగ్గర అరవై లోపు వెళ్ళే ప్రతి బండికీ ఏదో ఒకటి తెలిసే ఉంటుంది గనుక, నెమ్మదిగా వెళ్ళడమే నేరానికి సాక్ష్యమని తీర్మానించారు.

అది తెలిసిన మర్నాటి నుంచి, పోలీసు టోపీ కనపడితే చాలు, బళ్ళవాళ్ళు తమ అమాయకత్వం నిరూపించుకోవడానికి తొంభైలో దూసుకుపోసాగారు. తుపాకీలు బీరువాలో ఉన్నాయి గనుక తొంభైని కొలిచేవాడు లేడు. వంకాయల ఆటో ఒకటి చెరువులో దిగబడింది. మనుషులకేం కాలేదు. జిల్లా పేజీలో గుమ్మడికాయలు పోయి మళ్ళీ బోల్తాపడ్డ ఫొటోలు వచ్చాయి. నంబర్లు వెతికే పని లేకపోయినా, గిరి ఇంట్లోనే మంచం మీద పడుకుని ఉన్నా, సత్యవేణి వెతుకుతూనే ఉంది.

విచారణ రోజున తల్లీకొడుకులిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అజ్ఞాన నిరూపణ పరీక్షకు అవకాశమిచ్చుచున్నాము," అన్నారు నృసింహమూర్తిగారు. "ముద్దాయి తన వాహనమును సదరు తుమ్మచెట్ల మార్గమున నడుపవలెను. మా సిబ్బంది చాటున ఉందురు. నేను స్వయముగా పక్కన కూర్చొందును. వేగము తగ్గించనిచో అతనికేమియు తెలియదని నిర్ధారించి లైసెన్సు తిరిగి ఇత్తుము. తగ్గించినచో తెలిసినట్లే. లైసెన్సు రద్దు."

"అంటే జోరుగా తోలితే ఇస్తారన్నమాట!" సత్యవేణి గొంతు కీచుమంది.

"ఇంకొకటి," ఆయన ఆవిడ వైపు తిరిగారు. "మీరు దినమంతయు ఫోను చేసి 'ముందర పోలీసులుంటారేమో, మెల్లిగా' అని హెచ్చరించుచున్నట్లు ముద్దాయియే ఒప్పుకొన్నాడు. విచారించగా, తరచు మేమచ్చటనే ఉంటిమి. ఆ పెట్టె బ్యాంకు తలుపులకు కూడా అరిచినది. మీ గురి అంతకంటె మెరుగు. న్యాయముగా మిమ్ములను సీజు చేయవలెను. స్థలాభావము వలన చేయుటలేదు. పరీక్ష సమయమున మీరు పలుకరాదు, మూలుగరాదు, దేవుని పేరు పైకి తలచరాదు. సంతకము చేయుడు."

"చెయ్యకే అమ్మా," అన్నాడు గిరి. "నువ్వు నోరు మూసుకుంటే నాకు భయమేస్తాది."

"రాజుగారు తాళం ఇంకోడికి ఇచ్చేస్తే?" అంది సత్యవేణి. సంతకం చేసింది. చేశాక కలం వదలకుండా, "నేనూ బండెక్కుతానండి. పోతే ఇద్దరం పోతాం. మీతో కలిపి ముగ్గురం," అంది.

ఈ లెక్క నృసింహమూర్తిగారికి నచ్చలేదు గాని, కాదనడానికి ఏ నిబంధనా తోచలేదు.

రాజుగారు ఆ ఒక్క పూటకు తాళమిచ్చిన బండి కదిలింది. గిరి స్టీరింగు దగ్గర, ఎడమ పక్కన ఆయన. వెనకాల ఖాళీ సంచుల మధ్య సత్యవేణి, కొంగు సగం నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో సీటు కమ్మీ పట్టుకుని.

"ఎంతలో తోలమంటారండి?"

"నిస్సంకోచముగా నడుపుము. నీకేమియు తెలియదు."

గిరి తొక్కాడు. అరవై దాటింది. వెనక నుంచి "మెల్లిగా నాన్నా" అన్న మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట లేకుండా ఏ పనీ చేసినవాడు కాడు. ఆ మాట వస్తే దానికి కాస్త తగ్గిద్దామని లోలోపల ఎదురుచూస్తూ, రాకపోయేసరికి ఎక్కడ ఆపాలో తెలియక ఇంకా తొక్కాడు. డెబ్భై. ఎనభై. సంచులు గాలికి పటపటమన్నాయి.

"ప్రస్తుత వేగము," అన్నారు నృసింహమూర్తిగారు, "సంతృప్తికరముగా నున్నది."

తొంభై.

"కొంత పరిశీలించదగియున్నది."

ఎదర గడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. గిరి దాన్ని పక్కనుంచి కోసుకుంటూ దాటాడు. నాలుగు గడ్డిపోచలు కిటికీలోంచి వచ్చి ఆఫీసరుగారి మీసాల్లో చిక్కుకున్నాయి. ఆయన ముందున్న డాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకున్నారు.

"బాబూ... ఒకింత... అదీ... చూసుకో."

"నాకేం తెలవదు కదండీ," అన్నాడు గిరి. వెనక్కి తిరిగి తల్లి మొహం చూడాలనిపించింది, చూడలేదు. సత్యవేణి కళ్ళు గట్టిగా మూసుకుంది. నోట్లో కొంగు తడిసి ముద్దయింది. అరిస్తే లైసెన్సు పోతుంది, అరవకపోతే కొడుకే పోతాడు. అరవడానికి కొంగు బయటికి లాగుతోంది.

మలుపు వచ్చింది. మలుపుకు అవతల చెరువు, ఇవతల తుమ్మచెట్లు.

"ఒరేయ్! మెల్లిగారా నాయనా!" అని బండిలోంచి ఒక కేక లేచింది. "ముందర మలుపురా! మావోళ్ళు తుమ్మచెట్ల చాటున ఉన్నార్రా, తొక్కేస్తావు! బ్రేకు కొట్టరా బాబూ, నీకు పుణ్యముంటాది! ఓరి నాయనో, ఇంట్లో పిల్లలున్నార్రా నాకు!"

ఆ కేక సత్యవేణిది కాదు. ఆవిడ కొంగు ఇంకా సగం నోట్లోనే ఉంది.

గిరి బ్రేకు తొక్కాడు. ఇరవయ్యేళ్ళుగా వింటున్న మాటలే గనుక కాలు దానంతటదే వెళ్ళి పడింది. బండి మూలుగుతూ, జారుతూ, నలభైకి దిగి, ముప్ఫైకి దిగి, తుమ్మచెట్ల ముందు బుద్ధిగా ఆగింది.

చెట్ల చాటునుంచి భార్గవి, ఆమె వెనక కానిస్టేబుళ్ళు బయటికి వచ్చారు.

"వేగం తగ్గింది సార్," అంది భార్గవి.

"తగ్గినది," అన్నారాయన, మీసంలో గడ్డిపోచ తీసుకుంటూ.

"ముందుగా హెచ్చరిక అందింది సార్. మాకందరికీ వినపడింది. బండిలో ముందస్తు పరిజ్ఞాన సాధనం ఉన్నట్టే. సర్క్యులర్ ప్రకారం సీజు చెయ్యాలి." ఆమె మొహంలో నవ్వు గాని, భయం గాని లేదు. "సాధనం ముందు సీట్లో ఎడమ పక్కన ఉంది సార్. చెయ్యమంటారా?"

కానిస్టేబుల్ ఒకడు అలవాటు కొద్దీ తాడు తీసుకుని ముందుకు వచ్చాడు.

నృసింహమూర్తిగారు తాడును చూశారు. కానిస్టేబులును చూశారు. అప్పుడు జేబులోంచి గిరి లైసెన్సు తీసి, మొహం చూడకుండా గిరి ఒళ్ళో పెట్టారు.

"పరీక్ష జరుగలేదు," అన్నారు. "కేసు కూడా జరుగలేదు. సర్క్యులర్..." అని ఆగి, "సర్క్యులర్ సంగతి రేపు చూద్దాం లెండి," అన్నారు. ఇందాకటి కేక తప్పితే, ఆయన ఉద్యోగంలో చేరాక అలా మామూలు మనిషిలా మాట్లాడటం కానిస్టేబుళ్ళు ఎన్నడూ వినలేదు.

ఆయన బండి దిగబోయారు. తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. సత్యవేణి సంచుల మధ్యనుంచి దిగింది. ఆవిడకు వణికే కాళ్ళతో నడవడం కొత్తేమీ కాదు. బండిలో ఉన్న నీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతికి అందించింది.

"తాగండి బాబూ. మెల్లిగా తాగండి, పొలమారుతుంది. ఎంతమంది పిల్లలండి?"

"ఇద్దరు," అన్నారాయన. "పెద్దాడు మొన్ననే మోటారు సైకిలు కొనమన్నాడు."

"అయ్యో!" అంది సత్యవేణి, ఎంతో ఆప్యాయంగా. "కొన్నాళ్ళు పోతే అలవాటైపోతుందని అందరూ చెప్తారండి. నమ్మకండి. అవ్వదు."